బేస్ క్యాంప్ నడకకు ఏ వాచీ కొనాలి?

ప్రశ్న: సార్, నమస్తే. మాది హనుమకొండ. వచ్చే అక్టోబర్‌ల మేం నలుగురం దోస్తులం ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దాక నడిచి పోదామనుకుంటున్నం. రానుపోను 12, 13 రోజుల నడక. వాచీకి నేను పెట్టగలిగేది 25 వేలు. దుకాణంల అడిగితే పెద్ద తెర ఉన్న స్మార్ట్ వాచీ తీసుకోమంటున్నడు, రక్తంల ఆక్సిజన్ కూడా చూపిస్తదట. ఒక దోస్తేమో ఎత్తు చూపే ఆల్టీమీటర్, గాలి పీడనం చూపే బారోమీటర్, దిక్కు చూపే కంపాస్ మూడూ ఉన్న మామూలు డిజిటల్ వాచీ చాలంటడు. ఇంకొకాయన జీపీఎస్ లేకపోతే పైసలు దండగ అంటడు. ఆ మూడు సెన్సర్ల వాచీ ఒకటి అడిగి తెచ్చుకొని పద్మాక్షి గుట్ట ఎక్కి చూసిన. పొద్దున 10 గంటలకు ఒక ఎత్తు చూపించింది, సాయంత్రం 4 గంటలకు అదే బండ మీద 30 మీటర్లు ఎక్కువ చూపించింది. అది చెడిపోయిందా? ఏది కొనాల్నో, ఎట్ల వాడాల్నో జర వివరంగ చెప్పండి.
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు ఆ 30 మీటర్ల సంగతి చూద్దాం. ఏ వాచీ కొనాలన్న ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. మీరు అడిగి తెచ్చుకున్న వాచీ చెడిపోలేదు. దాని పని అది సరిగ్గానే చేసింది.

ఆల్టీమీటర్ వాచీ నిజానికి ఎత్తును కొలవదు. గాలి పీడనాన్ని కొలిచి, దాన్నిబట్టి ఎత్తును లెక్కగడుతుంది. పైకి పోయినకొద్దీ పీడనం తగ్గుతుంది కాబట్టి, పీడనం ఎందుకు తగ్గినా మీరు ఎక్కుతున్నారనే అనుకుంటుంది. వరంగల్ ఎత్తులో ఒక హెక్టాపాస్కల్, అంటే పాత లెక్కలో ఒక మిల్లీబార్, తగ్గితే అది సుమారు 9 మీటర్ల ఎక్కుడు కింద లెక్క. మనలాంటి ఉష్ణ ప్రాంతాల్లో గాలి పీడనం రోజుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. పొద్దున 10, రాత్రి 10 ప్రాంతంలో ఎక్కువగా ఉంటుంది, తెల్లవారుజామున 4, సాయంత్రం 4 ప్రాంతంలో తక్కువగా ఉంటుంది. ఆకాశంలో మబ్బు తునక లేని రోజున కూడా ఈ తేడా 3, 4 హెక్టాపాస్కల్ దాకా ఉంటుంది. మూడున్నరను 9తో గుణించి చూడండి, మీ 30 మీటర్లు అక్కడే తేలతాయి. మీరు ఎంచుకున్న రెండు సమయాలూ సరిగ్గా ఆ పెరుగుడు, తరుగుడు వేళలే. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిన రోజైతే తేడా ఇంకా పెద్దదిగా ఉండేది.

అందుకే ఆల్టీమీటర్ వాచీని ఎప్పటికప్పుడు సరిచేసుకోవాలి. ఎత్తు తెలిసిన చోట నిలబడి ఆ అంకెను వాచీకి చెప్పడమే సరిచేయడం. ఇందుకు మీకు దూరం పోవాల్సిన పని లేదు. కాజీపేట, వరంగల్ స్టేషన్లలో ప్లాట్‌ఫారం చివర పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. అక్కడ నిలబడి ఆ అంకె పెట్టి, గంటలోపు గుట్ట ఎక్కి చూడండి. అప్పుడు వచ్చే ఎత్తు నమ్మదగినది. ఫోన్‌లో ఏదో యాప్ చూపించే ఎత్తుతో మాత్రం సరిచేయకండి. కొన్ని యాప్‌లు జీపీఎస్ ఇచ్చే ముడి ఎత్తును సముద్ర మట్టానికి మార్చకుండా అలాగే చూపిస్తాయి. మన ప్రాంతంలో ఆ రెండు లెక్కలకూ తేడా దాదాపు 70 మీటర్లు. 260, 270 మీటర్ల ఎత్తున్న వరంగల్‌ను 200 లోపు చూపించే యాప్ కనబడితే కారణం అదే.

ఇప్పుడు ఏది కొనాలన్న విషయం. మా సలహా సూటిగా చెబుతాం: ఈ నడకకు, ఈ బడ్జెట్‌కు ఎండతో ఛార్జయ్యే మూడు సెన్సర్ల డిజిటల్ వాచీ కొనండి. కాసియోలో ప్రో ట్రెక్ శ్రేణి ఇందుకోసమే ఉంది. ఈ రకం వాచీల్లో పీడనం 260 నుంచి 1,100 హెక్టాపాస్కల్ దాకా, ఎత్తు 10,000 మీటర్ల దాకా కొలిచేవి, మైనస్ 10 డిగ్రీల చలికి, 100 మీటర్ల నీటి ఒత్తిడికి తట్టుకునేవి దొరుకుతాయి. డబ్బా మీద ఈ నాలుగు అంకెలూ చదివి తీసుకోండి. సూంటో కోర్ కూడా మంచి వాచీయే. అందులో వేసేది 2032 సైజు బటన్ సెల్లు, నాణెంతో మూత తిప్పి మీరే మార్చుకోవచ్చు. దానికి నీటి నుంచి రక్షణ 30 మీటర్ల స్థాయిదే, వాన చినుకులకు సరిపోతుంది, వాగులో మునిగే పనులకు కాదు.

జీపీఎస్ ఎందుకు వద్దంటున్నామంటే, దారి తెలియని చోట దాని విలువ ఎక్కువ, బేస్ క్యాంప్ దారి అలాంటిది కాదు. నడక మొదలయ్యే లుక్లా నుంచి చివరి మజిలీ గోరక్ షెప్ దాకా ఊరూరా బస ఇళ్లు, జడల బర్రెల మందలు, అక్టోబర్‌లో ముందూ వెనకా మనుషులు ఉంటారు. అక్కడ మీకు రోజూ తెలియాల్సింది ఎంత ఎత్తులో ఉన్నాం, ఈ రాత్రి ఎంత ఎత్తులో పడుకోబోతున్నాం, రేపు వాతావరణం ఎటు తిరిగేలా ఉంది అన్నవే. ఈ మూడూ పీడనం సెన్సరే చెబుతుంది.

రెండో కారణం ఛార్జింగ్. రోజుకు ఆరేడు గంటల నడక, 12 రోజులు వేసుకుంటే దాదాపు 80 గంటలు. ఉదాహరణకు గార్మిన్ ఇన్‌స్టింక్ట్ 2లో జీపీఎస్ ఆన్ చేసి ఉంచితే 30 గంటలు వస్తుందని కంపెనీ లెక్క. అంటే దారిలో కనీసం రెండు మూడు సార్లు ఛార్జ్ చేయాలి, చలిలో ఇంకో సారి కలుపుకోండి. పెద్ద రంగుల తెర ఉన్న మామూలు స్మార్ట్ వాచీలైతే చాలావరకు అంత కూడా రావు. దారిలోని నామ్చే ఊరు దాటాక చాలా బస ఇళ్లలో ఛార్జింగ్‌కు విడిగా డబ్బు తీసుకుంటారు, మబ్బు పట్టి సోలార్ పలకలకు ఎండ తగలని రోజున కరెంటే ఉండకపోవచ్చు. గార్మిన్‌లో సోలార్ మోడల్ ఉందిగా అని దుకాణంలో అంటారు. ఆ మోడళ్లకు చెప్పే రోజుల లెక్క రోజుకు 3 గంటలు 50,000 లక్స్ వెలుగు అద్దం మీద పడుతుందని అనుకొని వేసింది. అంటే ఆరుబయట ఎండలో వాచీ బయటికి కనబడుతూ ఉండాలి. మీరేమో చలికి జాకెట్ చేతులు వేళ్ల దాకా లాక్కొని నడుస్తారు.

అయినా జీపీఎస్ వాచీయే తీసుకోవాలని మనసుంటే, అది మీ డబ్బు, మీ ఇష్టం. అప్పుడు మూడు సంగతులు చూసుకోండి. పీడనం సెన్సర్ ఉందో లేదో అడగండి, కొన్ని జీపీఎస్ వాచీలు ఉపగ్రహాల నుంచే ఎత్తు తీసుకుంటాయి, అది పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. బటన్లతో నడిచేదై ఉండాలి, ఎందుకంటే తడి వేళ్లకూ మందపాటి గ్లవ్స్‌కూ తాకే తెర పలకదు. ఛార్జింగ్ వైరు ఆ కంపెనీకే ప్రత్యేకమైనదైతే రెండు వైర్లు కొనుక్కోండి, కొండ మీద పోతే ఇంకొకటి దొరకదు. వాచీ బ్యాటరీ చిన్నది, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ దానికి ఎన్నిసార్లైనా సరిపోతుంది, దాన్ని ఖాళీ చేసేది ఫోనే. పవర్ బ్యాంక్ విమానంలో చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేస్తే బయటికి తీయిస్తారు.

ఇంకో మాట, ఇది పొరపాటున కూడా మరవకండి. ఈమధ్య వాచీల్లో శాటిలైట్ ద్వారా సందేశాలు పంపేవి వస్తున్నాయి. మన దేశంలో శాటిలైట్ ఫోన్, శాటిలైట్ మెసెంజర్ లాంటివి ప్రభుత్వ అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడం నేరం, విమానాశ్రయంలో దొరికితే కేసు అవుతుంది. విదేశాల నుంచి బంధువులు కానుకగా పంపినా అంతే. జీపీఎస్ సంకేతాలు అందుకోవడం వరకే చేసే మామూలు వాచీలకు ఈ చిక్కు లేదు.

దుకాణంలో పెట్టెలోంచి తీయించి చూడాల్సినవి ఉన్నాయి. తెర లేత రంగులో ఉండి అంకెలు నల్లగా ఉండేది తీసుకోండి. నల్లటి తెర మీద తెల్ల అంకెలు అద్దాల బీరువాలో అందంగా కనిపిస్తాయి, సాయంత్రం మసక వెలుగులో, మంచులో నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నప్పుడు చదవలేరు. ఆల్టీమీటర్ బటన్ నొక్కి ఒక అంతస్తు మెట్లు ఎక్కి చూడండి, మూడు నాలుగు మీటర్లు పెరగాలి. కొన్ని మోడళ్లు 5 మీటర్ల మెట్టుతో చూపిస్తాయి, అలాంటి వాటికి రెండు అంతస్తులు ఎక్కండి. లిఫ్ట్ ఉంటే ఇంకా సులువు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నారనుకోండి, ఇంట్లో ఇంకో పరీక్ష ఉంది: గాలి చొరని జిప్ కవర్‌లో కాస్త గాలితో పాటు వాచీని పెట్టి మూసి, కవర్‌ను అరచేతులతో మెల్లగా నొక్కండి. లోపల పీడనం పెరిగి వాచీలో ఎత్తు తగ్గాలి. కదలకపోతే అందులో పీడనం సెన్సర్ అసలు లేకపోయైనా ఉండాలి, ఉన్నది పని చేయకపోయైనా ఉండాలి. రెండు మూడు వేలకు మూడు సెన్సర్లూ ఉన్నాయని అమ్మే పేరు తెలియని వాచీల బండారం ఈ కవర్ పరీక్షలోనే బయటపడుతుంది.

వాచీ బెల్టు పొడవు కూడా చూసుకోండి. ఉన్ని చొక్కా చేతి మీద పెట్టుకునేంత పొడవుంటే సోలార్ వాచీకి వెలుతురు తగులుతుంది, చూసుకోవడానికి చేయి బయట పెట్టనక్కర్లేదు. స్టీలు బెల్టు వద్దు, చలికి మంచుగడ్డలా అవుతుంది. పక్కకు బాగా పొడుచుకొచ్చిన బటన్ ఉంటే ఊతకర్ర పట్టుకొని దిగేటప్పుడు మణికట్టుకు గుచ్చుకుంటుంది. దుకాణంలోనే చేతికి పెట్టుకొని అరచేతిని వెనక్కి పూర్తిగా వంచి చూడండి.

కొన్నాక కనీసం రెండు నెలలు ఇక్కడే వాడండి. అక్టోబర్ ప్రయాణానికి సెప్టెంబర్ చివర్లో కొంటే ఆ బటన్లు వేలికి అలవాటయ్యే సరికి తిరుగు ప్రయాణం వచ్చేస్తుంది. పొద్దున స్టేషన్ బోర్డు దగ్గర సరిచేసి, సాయంత్రం అదే బోర్డు దగ్గరికి వచ్చి ఎంత తేడా వచ్చిందో ఒక పుస్తకంలో రాయండి. నాలుగు ఆదివారాలు రాస్తే ఆ వాచీ నడత మీకు తెలిసిపోతుంది. రేగొండ దగ్గరి పాండవుల గుట్టలకు జీపీఎస్ ఉన్న ఫోన్ కూడా తీసుకుపోండి. ఆ రాతి గోడల మధ్య సందుల్లో ఉపగ్రహ సంకేతాలు బండలకు తగిలి తిరిగొచ్చి, మీరు నడవని చోట కూడా నడిచినట్టు గీత గీస్తాయి. ఇరుకు లోయల్లో జీపీఎస్ ఎందుకు తడబడుతుందో అక్కడ చూస్తే అర్థమవుతుంది. తాడ్వాయి, ఏటూరునాగారం వైపు పోయి అడవిలో నడవాలనుకుంటే మాత్రం అది అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి తీసుకున్నాకే లోపలికి అడుగు పెట్టండి.

కంపాస్‌ను కూడా ఇంటి దగ్గరే పరీక్షించొచ్చు. వాచీలోని దిక్సూచిని వాడే ముందు సరిచేయాలి, చాలా మోడళ్లలో వాచీని బల్లపరుపుగా పట్టుకొని నెమ్మదిగా గుండ్రంగా తిప్పాలి, కొన్నింటిలో గాలిలో 8 అంకె రాసినట్టు తిప్పాలి. తర్వాత రాత్రి డాబా ఎక్కి ధ్రువ నక్షత్రాన్ని వెతకండి. వరంగల్ 18 డిగ్రీల అక్షాంశంలో ఉంది కాబట్టి అది ఉత్తరాన నేలకు 18 డిగ్రీల ఎత్తులోనే, చేయి చాచి పిడికిలి మీద పిడికిలి పెడితే దాదాపు రెండు పిడికిళ్ల ఎత్తున, కనిపిస్తుంది. వాచీ చూపించే ఉత్తరం దానికి నాలుగైదు డిగ్రీల లోపు ఉంటే చాలు. 20, 30 డిగ్రీలు పక్కకు పోతే డాబాలోని ఇనుప చువ్వలో, చేతి స్టీలు కడియమో, జేబులోని ఫోనో కారణం. ఇంటి కప్పు మీద తేడా వచ్చి ఖాళీ మైదానంలో సరిగ్గా వచ్చిందంటే వాచీది తప్పు కాదు. కడియం ఉన్న చేతికి వాచీ పెట్టుకోకండి, అయస్కాంతం ఉన్న ఇయర్‌ఫోన్ డబ్బా పక్కన రాత్రంతా ఉంచకండి. అయస్కాంత ఉత్తరానికీ నిజమైన ఉత్తరానికీ ఉండే తేడా అంటూ సెట్టింగుల్లో ఒకటి కనబడుతుంది. మన దగ్గర గానీ నేపాల్‌లో గానీ అది చాలా స్వల్పం, సున్నా దగ్గర వదిలేసినా ఈ నడకలో మీకు ఏ ఇబ్బందీ రాదు.

సోలార్ వాచీని ఎండాకాలం కారు అద్దం దగ్గర ఛార్జింగ్‌కు పెట్టే అలవాటు చాలామందికి ఉంది. మన వరంగల్, రామగుండం ఎండలకు మూసిన కారు లోపలి వేడి సెల్లును, తెరను రెంటినీ పాడు చేస్తుంది. కిటికీ దగ్గర నీడగా వెలుతురు పడే చోట రోజూ ఉంచితే చాలు. అడుగంటిన సెల్లు కొన్ని గంటల ఎండకు తేరుకుంటుంది కానీ పూర్తిగా నిండడానికి చాలా రోజులు పడుతుంది, అందుకే ప్రయాణానికి ముందు నెల రోజులు దాన్ని బీరువాలో పెట్టకండి. ఛార్జ్ బాగా తగ్గితే ఈ వాచీలు టైమ్ మాత్రం చూపిస్తూ సెన్సర్లు ఆపేస్తాయి. లైటు, సెన్సర్లు వెంటవెంటనే నొక్కితే కూడా కాసేపు పని చేయమని మొరాయిస్తాయి, అది పాడవడం కాదు, కాసేపు వదిలేస్తే మళ్లీ వస్తాయి. సూంటోలాంటి సెల్లు వాచీ అయితే బయలుదేరే వారం ముందు కొత్త సెల్లు వేసి, ఇంకొకటి వెంట ఉంచుకోండి. మూత వేసేటప్పుడు రబ్బరు చుట్టు మీద ఒక్క వెంట్రుక పడ్డా నీళ్లు లోపలికి పోతాయి.

ఇక దారిలో. కాఠ్మాండూలో దిగగానే మొదటి పని టైమ్ మార్చడం. నేపాల్ మనకన్నా 15 నిమిషాలు ముందు. కాసియోలో ఊళ్ల జాబితాలో కాఠ్మాండూ ఉంటుంది, నేపాల్ టైమ్ గ్రీన్‌విచ్ టైమ్‌కు ఐదు ముప్పావు గంటలు ముందు, కొన్ని చవక వాచీల్లో ఆ ముప్పావు లెక్క పెట్టే వీలే ఉండదు, అలాంటప్పుడు చేత్తో 15 నిమిషాలు ముందుకు జరపాలి. సీజన్‌లో లుక్లా విమానాలు ఎక్కువగా రామేఛాప్ నుంచి నడుస్తాయి, అక్కడికి కాఠ్మాండూ నుంచి అర్ధరాత్రి దాటగానే బండిలో బయలుదేరాలి. అలారం మన టైమ్‌లో ఉండిపోతే ఆ పావుగంటలో బండి వెళ్లిపోతుంది. కాఠ్మాండూకు పోయే పెద్ద విమానం లోపల వాచీ రెండు వేల మీటర్ల దగ్గర చూపిస్తే కంగారు పడకండి, లోపలి గాలిని కృత్రిమంగా ఆ పీడనం దగ్గర ఉంచుతారు.

లుక్లాలో దిగాక 2,860 అని పెట్టుకోండి. అక్కడి నుంచి ప్రతి ఊళ్లో బోర్డు చూసి మళ్లీ సరిచేయండి: ఫాక్‌డింగ్ 2,610, నామ్చే 3,440, తెంగ్‌బోచే 3,860, డింగ్‌బోచే 4,410, లొబుచే 4,940, గోరక్ షెప్ 5,164, బేస్ క్యాంప్ 5,364. ఒక్క బోర్డుకూ ఇంకో బోర్డుకూ 20, 30 మీటర్ల తేడా ఉండొచ్చు, ఒకే ఊళ్లో పై ఇంటికీ కింది ఇంటికీ కూడా అంత ఉంటుంది, పట్టించుకోకండి. గోరక్ షెప్ పైనున్న కాలాపత్థర్ గుట్ట దగ్గర మాత్రం సరిచేయొద్దు, దానికి 5,545 అనీ 5,644 అనీ రెండు లెక్కలు తిరుగుతున్నాయి. ఊరూరా సరిచేయమని ఎందుకంటున్నామంటే, వాచీ లోపల ఉన్న సూత్రం గాలి ఉష్ణోగ్రత సముద్ర మట్టం దగ్గర 15 డిగ్రీలు, పైకి ప్రతి కిలోమీటరుకూ ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని అనుకొని లెక్క వేస్తుంది. ఆ లెక్క ప్రకారం నామ్చేలో మైనస్ 7 ఉండాలి, అక్టోబర్ పగలు అక్కడ అంతకంటే చాలా వెచ్చగా ఉంటుంది. గాలి అనుకున్నదానికన్నా 10 డిగ్రీలు వెచ్చగా ఉంటే ఎక్కిన ఎత్తులో వందకు నాలుగు వంతు తక్కువ చూపిస్తుంది. లుక్లా నుంచి నామ్చేకు 580 మీటర్లు కాబట్టి 30 మీటర్ల దాకా తక్కువ రావడం మామూలే.

నడిచేటప్పుడు ఆల్టీమీటర్ పద్ధతిలో, రాత్రి బసలో బారోమీటర్ పద్ధతిలో ఉంచండి. సూంటో కోర్‌లో ఈ రెంటినీ విడిగా ఎంచుకోవచ్చు, దానికి తుపాను హెచ్చరిక కూడా ఉంది, 3 గంటల్లో 4 హెక్టాపాస్కల్ పీడనం పడితే మోగుతుంది. ఎక్కేటప్పుడు బారోమీటర్ పద్ధతిలోనే వదిలేస్తే మీ ఎక్కుడునే తుపాను అనుకొని కూస్తుంది. అలాంటి సౌకర్యం లేని వాచీతో చేయాల్సింది ఇంతే: రాత్రి పడుకునే ముందు ఎత్తు చూసి రాసుకోండి, పొద్దున లేచీ లేవగానే మళ్లీ చూడండి. 4,400 మీటర్ల ఎత్తులో ఒక హెక్టాపాస్కల్ అంటే 13 మీటర్లు. మీరు మంచం దిగకుండానే డింగ్‌బోచే 40 మీటర్లు పైకి పోయి కనిపించిందంటే పీడనం 3 హెక్టాపాస్కల్ పడిందన్నమాట. వరంగల్ గుట్ట మీద చూసిన 30 మీటర్లకు భయపడనక్కర్లేదు గానీ, పొద్దున చూసిన ఈ పెరుగుదల ఆ తర్వాత కూడా ఆగకుండా సాగితే వాన గానీ మంచు గానీ వచ్చే అవకాశం ఎక్కువ, బస ఇంటివాళ్లను అడిగి ఆ రోజు కార్యక్రమం తేల్చుకోండి. వాచీలోని ఉష్ణోగ్రత మాత్రం చేతికి ఉన్నంతసేపు మీ ఒంటి వేడితో కలిసి వస్తుంది. చేతి నుంచి తీసి 20, 30 నిమిషాలు బయట ఉంచాకే అది గాలిది.

సెన్సర్ రంధ్రం వాచీ పక్కన చిన్న జల్లెడలా ఉంటుంది. చెమట, సన్‌స్క్రీన్, దుమ్ము కలిసి అందులో పేరుకుంటే ఎత్తు ఉన్నట్టుండి కదలదు, లేదా వందల మీటర్లు దూకుతుంది. రెండు మూడు రోజులకోసారి మంచినీళ్ల కింద పట్టి కడగండి. పిన్నుతో, సూదితో పొడవకండి, లోపలి పలుచని పొర చిరుగుతుంది. నీళ్లలో ఉండగా బటన్లు నొక్కకండి. రాత్రి వాచీని స్లీపింగ్ బ్యాగ్‌లో మీతో పాటే పెట్టుకోండి, గోరక్ షెప్‌లో కిటికీ దగ్గర వదిలేస్తే పొద్దున తెర మందకొడిగా, సెల్లు నీరసంగా ఉంటుంది. తల మీద టోపీ, ఒంటి మీద దుప్పటి ఉంటే చిన్న కూత వినబడదు, అలారం ఫోన్‌లో కూడా పెట్టండి.

మీరు ఆక్సిజన్ కొలత గురించి అడిగారు, దీని మీద మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. మణికట్టు వాచీ చూపించే ఆక్సిజన్ అంకెను నమ్మి ఎక్కడమా దిగడమా అని తేల్చుకోకండి. చలికి చర్మం కింద రక్తం తగ్గుతుంది, చేయి కదులుతుంది, బెల్టు వదులవుతుంది, అంకె ఇష్టం వచ్చినట్టు మారుతుంది. పైగా బేస్ క్యాంప్ దగ్గర గాలి పీడనం సముద్ర మట్టంలో ఉండేదానిలో దాదాపు సగమే, అక్కడ ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా 80 శాతం ప్రాంతంలో రావచ్చు. అది చూసి బెదిరిపోయేవాళ్లూ ఉన్నారు, 88 వచ్చిందని తలనొప్పిని లెక్క చేయకుండా ఎక్కి ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. చూడాల్సింది మనిషిని. తలనొప్పికి తోడు వికారం, అన్నం సహించకపోవడం, విపరీతమైన నీరసం, తల తిరగడం వస్తే ఇంకా పైకి పోవద్దు. నడక తూలుతున్నా, మాట తికమకపడుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా రాత్రైనా సరే వెంటనే కిందికి దించాలి.

ఇందులో వాచీ నిజంగా సాయపడేది పడుకునే ఎత్తు దగ్గర. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రి నుంచి ఇంకో రాత్రికి పడుకునే ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి అన్నది పర్వత వైద్యులు చెప్పే నియమం. మీ దారిలో ఫాక్‌డింగ్ నుంచి నామ్చేకు ఒక్క రోజులో 830 మీటర్ల పెరుగుదల ఉంది, అందుకే నామ్చేలో రెండు రాత్రులు ఉండి తీరాలి. డింగ్‌బోచేలో కూడా రెండు. లొబుచేకు పోయే రోజున కూడా 530 ఉంది, గైడు తొందరపెట్టినా ముందు రోజు విశ్రాంతిని తీసేయనివ్వకండి. పగలు ఎక్కువ ఎత్తుకు పోయి రావొచ్చు, రాత్రి పడుకునే అంకెనే చూడాలి.

నలుగురికీ నాలుగు ఇలాంటి వాచీలు అక్కర్లేదు. ఒకరి చేతికి మంచి ఆల్టీమీటర్, ఇంకొకరి దగ్గర మామూలు డిజిటల్ వాచీ ఉంటే చాలు, మిగిలిన డబ్బు మంచి బూట్లకు పెట్టండి. ఒక చిన్న అట్ట మీద ఊళ్ల పేర్లు, వాటి ఎత్తులు, పడుకునే రాత్రులు వరసగా రాసి, పక్కన రాత్రి ఎత్తుకు ఒక గడి, పొద్దున ఎత్తుకు ఒక గడి, ఎవరికైనా తలనొప్పి ఉందా అన్నదానికి ఒక గడి వదలండి. ప్లాస్టిక్ కవర్ వేయించి పెన్సిల్ కట్టి సంచి పై జేబులో పెట్టుకోండి, పొద్దున గడి లేవగానే, మిగతా రెండు గడులూ నలుగురూ కూర్చొని రోజూ రాత్రి అన్నం తిన్నాక నింపండి.